బొబ్బట్టు రుచి ఉండలు – మీ పేరున ఒక డబ్బా

ఏవండీ, భోజనం చేశారా?

ఈ పేజీ తీసేసరికి మీలో చాలామందికి మధ్యాహ్నం మూడు దాటుతుందని నాకు తెలుసు. గిన్నెలు సర్దడం అయ్యుంటుంది, మేడమీద బట్టలు తేవడం మిగిలుంటుంది. "ఆ, తిన్నానండీ" అంటారు. ఏం తిన్నారు? పప్పు మీదాకా వచ్చిందా, లేక పిల్లల బాక్సుల్లోకీ మావయ్యగారి కంచంలోకీ పోగా గరిటెకి అంటుకున్నదే మీ వంతుకి మిగిలిందా?

కోప్పడకండి. మీ మీద నేరం మోపడానికి అడగలేదు. ఈ ప్రశ్న రెండు నెలల కిందట నన్నే అడిగారు.

అటకమీద ఆవకాయ జాడీ దించుదామని స్టూలెక్కాను. ఉన్నట్టుండి కళ్లు బైర్లు కమ్మాయి. పక్కనున్న తలుపు పట్టుకుని ఎలాగో కిందికి జారి కూర్చున్నాను. జాడీ అప్పటికింకా చేతిలోకి తీసుకోలేదు కాబట్టి ఊరగాయా, నేనూ ఇద్దరం దక్కాం. మావారు కంగారుపడి డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ రక్తపరీక్ష రాసి, "నిన్న పొద్దుట్నుంచీ రాత్రిదాకా ఏమేం తిన్నారో వరసగా చెప్పండి" అన్నారు.

చెప్పాను. పొద్దున్నే కాఫీ. పదకొండింటికి మిగిలిన ఇడ్లీలు రెండు. మూడింటికి గోంగూర పచ్చడి, అన్నం, పల్చటి మజ్జిగ. సాయంత్రం టీ. రాత్రి మళ్లీ అన్నం, చారు. "పప్పు?" అన్నారావిడ. "వండానండీ, బాక్సుల్లోకి సరిపోయింది." "గుడ్డు?" "పిల్లలకి." "పాలు?" "కాఫీలో ఉన్నాయిగా!"

పక్కన కూర్చున్న మావారు నా మొహంవంక అలా చూస్తూ ఉండిపోయారు. ఇరవైరెండేళ్ల కాపురంలో చివర్న కూర్చుని నేనేం తింటున్నానో ఆయనకి తెలీదు. నిజం చెప్పొద్దూ, అలా వరసగా అప్పజెప్పేదాకా నాకూ తెలీదు.

రక్తం తక్కువగా ఉందని ఇనుము మాత్రలు ఇచ్చారు. నా ఒక్కదాని సంగతే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ఒక వీధి ఆడవాళ్లం పేరంటానికి చేరితే సగంమందికి పైగా అన్నమాట!

మాత్రల సంగతి డాక్టరమ్మ చూసుకున్నారు. తిండి సంగతి నేను చూసుకోవాలిగా. ఇంటికొచ్చి లెక్క వేశాను. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కప్రకారం మనిషి బరువులో కిలోకి 0.83 గ్రాముల చొప్పున రోజూ మాంసకృత్తులు కావాలి. 55 కిలోల ఆడమనిషికి సుమారు 46 గ్రాములు. కడుపుతో ఉన్నవాళ్లకీ, పాలిచ్చే తల్లులకీ ఇంకా ఎక్కువ. నా కాఫీ, ఇడ్లీలు, రెండుపూటల అన్నం, మజ్జిగ అన్నీ కలిపినా పాతిక గ్రాముల దగ్గరే ఆగిపోయాయి. కడుపు నిండుతోంది, ఒంటికి మాత్రం సగమే అందుతోంది.

ఈ మాట విని మా అమ్మాయి సూపర్ మార్కెట్ నుంచి ఒక పొట్లం తెచ్చింది. దానిమీద 'ప్రోటీన్ బైట్స్' అని రాసి ఉంది. తెరిస్తే గోళీలంత ఉండలు ఆరు. ధర చూసి గుండె గుభేలుమంది. ఒకటి నోట్లో వేసుకున్నాను. ఖర్జూరం, వేరుశనగ, కాస్త కోకో. బాగానే ఉంది. కానీ నమిలేకొద్దీ నాకు నవ్వొచ్చింది. ఇది మన ఉండే కదండీ! సున్నుండలో మినప్పప్పు, చిమ్మిలిలో నువ్వులు. ఏ ఓవెనూ లేకుండా పిడికిలితో నొక్కి మన అమ్మమ్మలు చేసినవి ఇవేగా.

అన్నట్టు, ఆ చిమ్మిలీ సున్నుండలూ ఎప్పుడు పెట్టేవారో గుర్తుందా? ఆడపిల్ల పెద్దమనిషైనప్పుడు కూర్చోబెట్టి మరీ తినిపించేవారు. బాలింతకి డబ్బాకెత్తి దాచిపెట్టేవారు. మన పేరు చెప్పి, మన ఒంటికోసం ఎవరో వండి పెట్టిన రోజులవి. ఆ తర్వాత? డబ్బాలు నింపుతూనే ఉన్నాం. మన పేరున మాత్రం ఒక్క డబ్బా నింపలేదు.

సరే, ఇక పనిలోకి వద్దాం. మా ఇంట్లో అందరికీ ప్రాణమైన తీపి బొబ్బట్టు. మీరు భక్ష్యమనండి, పోలె అనండి, ఓళిగ అనండి, రుచి ఒక్కటే. ఆ రుచితోనే ఉండ చేద్దామనుకున్నాను. పూర్ణంలో ఉండేది శనగపప్పు, బెల్లం, యాలకులు. పుట్నాలపప్పు కూడా శనగే, వేయించి అమ్ముతారంతే. కాబట్టి ఉడకబెట్టక్కర్లేదు, రుబ్బక్కర్లేదు.

మొదటిసారి బెల్లం పాకం పట్టి పోశాను. పాకం ముదిరింది, ఉండలు గుండ్రాళ్లయ్యాయి. మా అబ్బాయి ఒకటి తీసి టేబుల్ మీద టకటక కొట్టి చూపించాడు. రెండోసారి పాకం మానేసి పాలు చిలకరించాను. మెత్తగా వచ్చాయి కానీ మూడోరోజుకి వాసనేశాయి. మూడోసారికి కుదిరిన కొలత ఇది.

కావలసినవి:
పుట్నాలపప్పు – 200 గ్రాములు
వేరుశనగ గుళ్లు – 100 గ్రాములు
నువ్వులు – 50 గ్రాములు
వెన్న తీసిన పాలపొడి – 50 గ్రాములు
బెల్లం తురుము – 150 గ్రాములు
నెయ్యి – 3 పెద్ద చెంచాలు
గోధుమపిండి – 2 పెద్ద చెంచాలు
యాలకులు – 6
జాజికాయ పొడి, ఉప్పు – చెరో చిటికెడు

త్రాసు లేకపోతే చిన్న టీగ్లాసుతో పుట్నాలు రెండు, వేరుశనగ ఒకటి, నువ్వులు అర, పాలపొడి ముప్పావు, బెల్లం తురుము ఒకటి. సుమారుగా సరిపోతుంది.

చేసే పద్ధతి:
వేరుశనగ గుళ్లు సన్నని సెగమీద ఏడెనిమిది నిమిషాలు వేయించి, చల్లారాక నలిపి పొట్టు చెరగండి. నువ్వులు చిటపటలాడగానే దించెయ్యండి, ఒక్క క్షణం ఏమరితే చేదొస్తాయి. పుట్నాలు ఒక్క నిమిషం వేడిచేస్తే చాలు, చెమ్మ పోతుంది. అన్నీ పూర్తిగా చల్లారాలి.

పుట్నాలనీ యాలకులనీ కలిపి మెత్తగా పొడి కొట్టి జల్లించండి. వేరుశనగ, నువ్వులు కలిపి మిక్సీ ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే నూనె ఊరి ముద్దవుతుంది. బరకగా ఉంటేనే పంటికి తగులుతుంది. తర్వాత బెల్లంలో గుప్పెడు పుట్నాలపొడి వేసి ఒక తిప్పు తిప్పితే ఉండకట్టకుండా పొడిలో పొడిగా కలిసిపోతుంది.

ఇప్పుడు అసలు రహస్యం. బొబ్బట్టు రుచి పూర్ణంలోనే ఉందనుకుంటాం గానీ, సగం రుచి పెనంమీద నేతిలో కాలిన పైపొరది. అందుకని నెయ్యి కరిగించి, అందులో గోధుమపిండి వేసి, సన్నని సెగమీద కమ్మటి వాసన వచ్చి రంగు మారేదాకా వేయించండి. పచ్చిపిండి మాత్రం వెయ్యకండి. ఆ ఒక్క వాసనకే మా పక్కింటి వదినగారు "ఏమిటి, పండగా?" అంటూ గోడమీంచి పలకరించారు.

పొడులూ, బెల్లం, పాలపొడి, ఉప్పు, జాజికాయ అన్నీ వెడల్పాటి పళ్లెంలో వేసి, గోరువెచ్చగా ఉన్న ఈ నెయ్యిపిండి కలిపి చేత్తో బాగా నలపండి. పిడికిట్లో పట్టి నొక్కితే విడిపోకుండా ఉండాలి. విడిపోతుంటే వెంటనే నెయ్యి పోసేయకండి. వేరుశనగ పొడిలో నాలుగు చెంచాలు తీసి మిక్సీలో నూనె ఊరేదాకా తిప్పి కలపండి, అదే పట్టేస్తుంది. అప్పటికీ కాకపోతే ఇంకో చెంచా నెయ్యి. నీళ్లు, పాలు మాత్రం వద్దు. చిన్న నిమ్మకాయంత చొప్పున చేస్తే 24 ఉండలొస్తాయి. వేయించడానికి ఇరవై నిమిషాలు, పొడులకీ ఉండలకీ ఇంకో అరగంట, అంతే పని.

ఒక్కో ఉండలో దాదాపు 4 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. రెండు తింటే ఒక గుడ్డుకన్నా కాస్త ఎక్కువే. ఇంకో సంగతి. పప్పుల్లో లైసిన్ బాగా ఉంటుంది, మిథియోనిన్ కొరవడుతుంది. నువ్వుల్లో సరిగ్గా దానికి తిరగబడి ఉంటుంది. రెండూ కలిసేసరికి ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. తోడికోడళ్లు సఖ్యంగా ఉన్న ఇల్లులాగన్నమాట!

అయితే కొన్ని జాగ్రత్తలు. బెల్లమైనా చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకి తీపి తీపే. వాళ్లు ఇవి మందనుకుని తినకూడదు. ఒక్కో ఉండలో సుమారు 110 కేలరీలుంటాయి కాబట్టి ఎవరికైనా రోజుకి రెండు చాలు. మూత్రపిండాల జబ్బుంటే డాక్టర్ని అడక్కుండా వద్దు. వేరుశనగ పడనివాళ్లు ముట్టుకోకూడదు. ఈ ఉండలవల్ల రక్తహీనత పోతుందని కూడా నేను చెప్పడంలేదు. దానికి పరీక్ష, మాత్రలు ఉండాల్సిందే. ఆ మాత్ర వేసుకున్న గంటదాకా టీ, కాఫీ తాగకండి, ఇనుము ఒంటికి పట్టనివ్వవు. మధ్యాహ్నం పప్పు కూడా మానకండి. ఉండ పప్పుకి తోడేగాని, దాని బదులు కాదు.

తడిచెయ్యి తగలకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే రెండువారాలుంటాయి. వానాకాలంలో పదిరోజులే. నూనె మగ్గిన వాసనొస్తే మొహమాటపడకుండా పారెయ్యండి.

ఇంతా చెప్పి నా భాగోతం దాచడమెందుకు? మొదటి డబ్బా మూడోరోజుకే ఖాళీ అయింది. అబ్బాయి స్నేహితులు నలుగురొచ్చారు, ఆడపడుచు ఒకపూట వచ్చింది, మావారు ఆఫీసుకి నాలుగు పట్టుకెళ్లారు. నేను తిన్నవి ఎన్ని? ఒకటిన్నర! ఆ సగమైనా అబ్బాయి కొరికి వదిలేసింది.

అది చూసి మా అమ్మాయి ఏమీ అనలేదు. మర్నాడు తనే మిక్సీ తీసింది. చేసి, రెండు డబ్బాల్లో పోసింది. పెద్దది బల్లమీద పెట్టింది. చిన్నది పోపులపెట్టె పక్కన, నా చెయ్యి రోజుకి పదిసార్లు తగిలే చోట పెట్టి, దానిమీద కాగితం అంటించింది. 'అమ్మది. 14. వారంలో అయిపోవాలి. పంచకూడదు.'

శనివారం వచ్చి లెక్కపెడుతుందిట! ఇదివరకు దాని బాక్సు ఖాళీ అయిందో లేదో నేను మూతతీసి చూసేదాన్ని.

ఇప్పుడు నాలుగవగానే కూర్చుని రెండు ఉండలు తింటున్నాను. నిలబడి కాదు, కూర్చుని. మొదటి రెండురోజులూ ఎవరో చూస్తున్నట్టు సిగ్గేసింది, నమ్మండి. మన ఇంట్లో మనం, మన చేత్తో చేసింది తినడానికి!

ఈసారి ఉండలు చుట్టేటప్పుడు ముందు చిన్న డబ్బా నింపండి. తర్వాతే పెద్దది. కాగితం అంటించే అమ్మాయి లేకపోతే మీరే రాసి అంటించుకోండి. మీ చేతిరాతకి మాత్రం విలువ లేదా ఏం?

వచ్చేవారం కలుద్దాం. ఈలోగా ఎవరైనా "భోంచేశారా?" అని అడిగితే, ఏం తిన్నారో కూడా చెప్పగలిగేలా ఉండండి.