నాలుగు గిన్నెల క్యారియరు

చిన్నవాళ్ళు చేస్తే తప్పు, పెద్దవాళ్ళు చేస్తే పొరపాటు. ఆఫీసుల్లో ధర్మం యిదే. మొన్న నేనూ ఆ ధర్మమే పాటించి, తరువాత చెంపలు వేసుకున్నాను.

చెరువు కట్ట తెగితే నీరు ఏ వీధిని ముంచుతుందో ముందుగా చూపించే లెక్క ఒకటి కంప్యూటరుకు రాస్తున్నాం. నీటిని లక్షలాది బిందువులుగా భావించి, ఒక్కొక్క బిందువు ఎక్కడున్నదీ మూడు అంకెలతో గుర్తు పెట్టుకుంటాం: పొడవు, వెడల్పు, ఎత్తు. ఇన్నిటినీ ఒక్కసారే లెక్కకట్టేందుకు జీపీయూ అనే చిప్పు వున్నది. దానిమీద నడిచే చిన్న ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. బిందువులను సర్ది అందించే భాగం నేను రాశాను. కెర్నెల్ కొత్తగా చేరిన అమ్మాయి రాసింది.

నడిపి చూద్దుము గదా, తెరమీద నీరు గుట్ట ఎక్కుతోంది! నీరు పల్లమెరుగు అంటారు. మా నీటికి ఆ సంగతి తెలియదు. "కూడికలు కూడా రావటమ్మా?" అన్నాను, నలుగురి ఎదుటా. ఆ పిల్ల తలవంచుకుని వెళ్ళిపోయింది. ఉద్యోగం మానేస్తానన్నదని సాయంత్రం తెలిసింది.

రాత్రి కూర్చుని చూస్తే, మొదటి బిందువు సరిగానే వున్నది. రెండవదాని నుంచే గోల. అప్పుడు తట్టింది. అంకెకు 4 బైట్ల చొప్పున నేను బిందువుకు 12 బైట్లు పంపాను. ఆ అమ్మాయి ఫ్లోట్3 అనే రకం వాడింది. పేరుకు మూడే గాని, 2010లో వచ్చిన ఓపెన్‌సీఎల్ 1.1 నిబంధన ప్రకారం అది 16 బైట్ల చోటు తీసుకుంటుంది. మూడు కూరలే పెట్టినా నాలుగు గిన్నెల క్యారియరు నాలుగు గిన్నెలదే గదా! నేను మూడేసి సర్దితే, ఆమె నాలుగేసి విప్పింది. రెండవ బిందువు వెడల్పు వచ్చి పొడవు పీటమీద కూర్చున్నది. కంప్యూటరు కిమ్మనలేదు.

బిందువంటే యింత అని ఒకచోట రాసిపెట్టక, ఎవరి మటుకు వారిని రాసుకోనిచ్చింది ఎవరు? నేనే.

మర్నాడు ఆ నలుగురి ఎదుటే ఆ మాట ఒప్పుకున్నాను. ఇద్దరం కలిసి ఒక హెడర్ ఫైలు రాశాం: బిందువంటే మూడు విడి అంకెలు, 12 బైట్లు. నా భాగమూ, కెర్నెలూ ఆ ఒక్క ఫైలునే చదవాలి. నా మిషను మీద బాగా నడిచింది. వేరొక మిషను మీద "ఫైలు కనబడలేదు" అని ఆగింది. ఈ కెర్నెల్ కంపైలయ్యేది ప్రోగ్రాము నడిచేటప్పుడు, ఆ మిషను మీదనే. హెడరును వెంట పంపాలి, ఎక్కడున్నదో చెప్పాలి. అయినా ఈ తప్పు నయం, అరిచి చెప్పింది. అరవని తప్పులే కొంపలు ముంచేవి.

నీరిప్పుడు పల్లానికే పోతోంది. ఆ అమ్మాయి ఉద్యోగంలోనే వున్నది.

ఇంటికొచ్చి యీ కథంతా చెబితే, మా ఆవిడ శ్రద్ధగా విని, "ఆ ఫైలేదో మనింటికీ ఒకటి రాయండి. ఆఫీసు నుంచి 'అయిదు నిమిషాల్లో బయలుదేరుతున్నా' నంటారే, ఆ అయిదుకు ఎన్ని నిమిషాలో పాతికేళ్ళుగా నాకు తెలియడంలేదు!" అన్నది.