ఒర కుట్టినవాని మాట



"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" అనే సామెతను ముప్పది యేళ్ళకు పైగా తరగతి గదిలో వివరించినవాడిని నేను. అర్థం చెప్పాను, సందర్భం చెప్పాను, సొంత వాక్యంలో ప్రయోగించినవారికి మార్కులూ వేశాను. అయితే ఒర అంటే ఏమిటో, దానిలో వస్తువు ఇమడడమంటే ఏమిటో నాకు బొత్తిగా తెలియదన్న సంగతి ఉద్యోగ విరమణ చేసిన తరువాతనే తెలిసివచ్చింది. ఆ వైనమూ, దానినుండి నాకు కలిగిన అభిప్రాయమూ మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు.

మాది నర్సీపట్నం. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలోను, అప్పటినుండి అనకాపల్లి జిల్లాలోను ఉన్నది. మన్యానికి గుమ్మం వంటి ఊరు. చింతపల్లి కొండదారి పట్టాలంటే మా ఊరు దాటవలసిందే. కనుక తుపాకి మాకు కొత్త కాదు. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలమీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన కథ ఇక్కడి పసివాడికి కూడా కంఠస్థమే. ఆ సెప్టెంబరులోనే దామనపల్లి దగ్గర హతులైన కవర్డు, హైటరు అనే ఇద్దరు దొరల సమాధులు మా ఊళ్ళో ఉన్నవి. సీతారామరాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. ఇన్ని తుపాకుల కథలు చెప్పుకొనే మేము, ఆ తుపాకి నడుమున నిలవడానికి తోలు కోసి కుట్టిన పనివాని కథ ఒక్కటీ చెప్పుకోలేదు.

హోల్‌స్టరు అనే ఇంగ్లీషు మాటకు తుపాకి ఒర అని మనం చక్కగా అనుకోవచ్చు. దాని చరిత్రలో ఒక పుట మన దేశంలోనే జరిగింది. శామ్ బ్రౌన్ అనే ఆంగ్ల సేనాని 1858లో, తిరుగుబాటు నాటి పోరులో, ఎడమచేతిని పోగొట్టుకొన్నాడు. ఒంటిచేతితో కత్తి దూయాలంటే రెండవ చేయి పట్టకుండానే ఒర స్థిరంగా నిలవాలి గదా! నడుముపట్టీకి తోడు భుజం మీదుగా వాలుగా మరొక తోలుపట్టీ వేసుకొన్నాడు. కత్తి ఒక ప్రక్క, పిస్తోలు ఒక ప్రక్క కదలక నిలిచాయి. పోలీసు అధికారులు తొడిగే క్రాస్ బెల్టుకు మూలం అదే. చేయి పోయినవాడికి గాని ఒర విలువ తెలియలేదన్నమాట.

ఇక నా విషయానికి వస్తాను. ఆమధ్య చేతిసంచి పట్టీ తెగితే, బజారులో చెట్టునీడన కూర్చుండే ఒక వృద్ధుని దగ్గరకు వెళ్ళాను. ఆయన పెట్టెలో ఆరె, రంపె, మైనపు ముద్ద, వాటి నడుమ పిస్తోలు ఆకారంలో చెక్కిన కొయ్యముక్క కనిపించాయి.

"ఇదేమిటయ్యా, మనవడి ఆటబొమ్మా?" అన్నాను.

"కాదు బాబూ, అచ్చు. అసలు తుపాకి మా కాడ ఉండకూడదు గదా. అది కలిగినాయన దగ్గర కూకుంటేనే కొలత తీసుకోడం. తర్వాత పనంతా దీని మీదే."

ఆ మాట నిజం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనివాడు తుపాకిని తన వద్ద ఉంచుకోరాదు. కనుక చేతిలో లేని వస్తువుకు, వెంట్రుకవాసి తేడా రాకుండా ఇల్లు కట్టాలి. ఎలా కడతారో ఆయన చెప్పగా విన్నాను.

తంగేడు చెక్క వంటి చెట్టు సరుకుతో పదును చేసిన తోలే దీనికి తగినది. క్రోముతో పదును చేసిన తోలు మెత్తగా ఉంటుంది గాని పెట్టిన రూపాన్ని నిలుపుకోదు. మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మందం ఉండాలి. కాగితం మీద తుపాకి చుట్టూ గీత గీసి, తోలు మందానికీ కుట్టుకూ సరిపడా వెలుపల విడిచి కోయాలి. ఆరెతో సమాన దూరంలో రంధ్రాలు పొడిచి, మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలోను ఇరువైపులనుండి దూర్చి బిగించాలి. ఇట్లా కుడితే ఒకచోట దారం తెగినా తక్కిన కుట్టు విడిపోదు.

అసలు విద్య ఆ తరువాతనే. కుట్టిన ఒరను గోరువెచ్చని నీటిలో తడిపి, అచ్చును లోపలికి దూర్చి, బొటనవ్రేళ్ళతోను, నునుపైన ఎముక ముక్కతోను తుపాకి ఒంపులన్నీ తోలుపై తేలేవరకు అదమాలి. ఎండలో పెట్టరాదు, నీడన ఆరాలి. ఆరిన తోలు ఆ రూపాన్ని మరి మరువదు. మీట పూర్తిగా కప్పబడాలి, లేకుంటే ప్రాణాపాయం. పిడిని పట్టుకొనడానికి చోటుండాలి. తలక్రిందులు చేసినా తుపాకి జారకూడదు, చేయి వేసి లాగితే ఆగకూడదు. ఈ రెండింటి మధ్య ఉన్నదే ఆయన విద్య. ఒరను నిలిపేది ఒరపిడి అని నాకు అప్పుడు స్ఫురించింది. పండితుణ్ణి గదా, మాటల్లోనే స్ఫురిస్తుంది.

పట్టీ కుట్టి ఇస్తూ ఆయన మెల్లగా అన్నాడు: "మావోడు మీ కాడే చదివాడు బాబూ."

ఏ సంవత్సరమో చెప్పాడు. ఆ దినం జరిగినదీ చెప్పాడు. నేను పై సామెత వివరిస్తుండగా పిల్లవాడు లేచి, "ఇముడుతాయి మేష్టారూ! మజ్జన తోలుముక్క ఏసి మా అయ్య కుడతాడు" అన్నాడట. "సామెతను దిద్దే పండితుడివా! అయితే పోయి నువ్వూ చెప్పులు కుట్టుకో" అన్నానట నేను. తరగతి అంతా నవ్విందట. మరునాటినుండి వాడు బడికి రాలేదట. నాకు ఏ మాత్రమూ జ్ఞాపకం లేదు. అన్నవాడికి జ్ఞాపకం ఉండదు; పడినవాడికి ఉంటుంది. వాడు కుట్టుపనీ ముట్టలేదు. ఇప్పుడు విశాఖపట్నంలో ఇళ్ళ కట్టుబడి పనిలో ఉన్నాడు.

ఇందులో నా అభిప్రాయం ఏమిటంటారా? చేతివృత్తులు అంతరించిపోతున్నవని వాపోవడం మన పత్రికలలో ఒక అలవాటు. ఆ విలాపంలో నేను గొంతు కలపను. "నీ తాత పని నువ్వు చేయి" అని మాదిగవాడలోని పిల్లవాడికి చెప్పే హక్కు మనకెవరికీ లేదు. లంద తొట్ల కంపు వారికి విడిచి, చెప్పులు మనం తొడుక్కొని, ఆ కులం పేరును తిట్టుగా వాడుకొన్న జాతి మనది. ఆయన కుట్టిన ఒరను నడుమున కట్టుకొన్నవారు ఆయన్ని గుమ్మం ఎక్కనీయలేదు. నేను బడిలో ఆ గుమ్మాన్నే మరికొంచెం ఎత్తు చేశాను.

మిగలవలసింది విద్య, పోవలసింది కులం. ఈ రెంటినీ విడదీయవచ్చునని చూపినవారు మన తెలుగువారే ఉన్నారు. తెనాలి ప్రాంతంలోని రైతుకుటుంబంలో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోలు విద్యను శాస్త్రంగా అభ్యసించి, మదరాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు సంచాలకులై, దానిని లోకప్రసిద్ధం చేశారు. 1985 జూన్‌లో కనిష్క విమానం పేల్చివేతలో వారు మరణించారు. చదువుకొని తోలు పట్టినవాడు శాస్త్రవేత్త, పట్టి నేర్చినవాడు అంటరానివాడు అయిన చోట తప్పు తోలులో లేదు.

మాకు దగ్గరలోనే ఏటికొప్పాక ఉన్నది. అంకుడు కర్రతో అక్కడ చేసే లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. మంచిదే. చెట్టునీడనున్న ఈయనకు గుర్తింపు పత్రమూ లేదు, నీడ కోసం ఒక రేకూ లేదు.

ప్లాస్టిక్కు ఒరలు వచ్చాయి గదా, తోలు ఎందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మన్యపు వానల్లో తోలు చెమ్మ పీలుస్తుంది. ఎక్కువకాలం దానిలోనే ఉంచితే తుపాకి తుప్పు పడుతుంది. వేడిచేసి అచ్చు పోసిన గట్టి ప్లాస్టిక్కుకు ఆ బాధ లేదు. ఒప్పుకొంటాను. కాని అక్కడ కూడా ఆ ఒక్క తుపాకి రూపానికే అచ్చు తీయాలి. "అన్నిటికీ సరిపోతుంది" అని బజారులో అమ్మే నైలాను సంచి దేనికీ సరిగా సరిపోదు. సరకు మారవచ్చు, ఒక్కొక్క వస్తువునూ విడిగా చూచి కొలిచే ఆ చూపు మారరాదు. నేను బడిలో అందరికీ ఒకే నైలాను సంచి తొడిగాను. ఇమడనివాడిని బయట పారవేశాను.

కనుక నా మనవి చిన్నది. తోలుపనిని పాలిటెక్నిక్కులలోను, ఐ.టి.ఐ.లలోను ఏ కులపు పిల్లలైనా నేర్చుకొనే విద్యగా పెట్టాలి. అక్కడ నేర్పడానికి పట్టా లేకపోయినా ఇటువంటి వృద్ధులను పిలిచి, కుర్చీ వేసి, తక్కిన బోధకులతో సమానంగా జీతమివ్వాలి. మాకు, అంటే తెలుగు ఉపాధ్యాయులకు, ఒక్క మాట: సామెత చెప్పేటప్పుడు తరగతిలో ఆ పని తెలిసిన ఇంటి బిడ్డ ఉన్నాడేమో చూచుకొని, ముందు వాడిని అడగండి.

మొన్న మళ్ళీ వెళ్ళాను. తప్పు ఒప్పుకొన్నాను. ఆయన తల ఎత్తకుండా దారం బిగిస్తూనే ఉన్నాడు. ఏమనాలో తోచక, "నిజంగా ఒకే ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా?" అని అడిగాను.

"ఇముడుతాయి బాబూ. రెండున్నాయని కుట్టేవోడికి ముందే చెప్పాల."

స్వస్తి.