బిల్లు చేతికొచ్చాక తెలిసే ధర

జరీ అసలుదో నకిలీదో వేలితో తడిమి చెప్పగల ధర్మవరం నేతగాడు, హెర్నియా ఆపరేషనుకు ఎంతవుతుందో కనుక్కోలేడు. కౌంటర్లో అడిగితే ‘ముందు అడ్మిట్ చేయండి, తర్వాత చూద్దాం’ అంటారు. ప్యాకేజీ అని ఒక అంకె చెప్పినా అందులో మందులున్నాయో లేవో, మత్తు డాక్టరు ఫీజు ఎవరు కట్టాలో డిశ్చార్జి రోజున గాని తేలదు.

మరి జనం ఆసుపత్రిని ఎలా ఎంచుకుంటున్నారు? ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పిన పేరు, అంబులెన్సు డ్రైవరు సలహా, బెంగళూరులో ఉన్న మేనల్లుడి మాట. కొన్నిచోట్ల ఆ సలహా వెనక కమీషన్ ఉంటుందన్నది బహిరంగ రహస్యమే. పెనుకొండ హైవే మీద నిలబడితే ఉత్తరాన అనంతపురం పెద్దాసుపత్రి, దక్షిణాన బెంగళూరు కార్పొరేట్లు. ధర్మవరం పక్కనే బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రి. పుట్టపర్తిలో 1991 నుంచి రూపాయి తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేస్తున్న సత్యసాయి ఆసుపత్రి. ఇన్ని దారులుండీ ఏది ఎవరికి నప్పుతుందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఉచితమైన చోటా ఖర్చుంటుంది: తేదీ కోసం ఆగాలి, అన్నాళ్లూ మగ్గమూ ఆగుతుంది.

ధరల బోర్డు పెట్టిస్తే సరిపోతుందనుకుంటే పొరపాటు. గుండెలో వేసే మందుపూత స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం 29,600 రూపాయల గరిష్ఠ ధర కట్టింది. మంచిదే. కానీ స్టెంటు వేసినందుకు ఆసుపత్రి తీసుకునే చార్జీకి ఆ ఉత్తర్వులో హద్దు లేదు. బిల్లులో ఒక వరుసను బిగించినా మిగతా వరుసలు వదులుగానే ఉన్నాయి. పైగా తక్కువ ధర మంచి వైద్యమని ఎవరూ హామీ ఇవ్వరు, ఎక్కువ ధర కూడా ఇవ్వదు.

అసలు విచిత్రం వేరే ఉంది. ఆరోగ్యశ్రీ పథకాన్ని 2007లో మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు తొలివిడతగా మొదలుపెట్టింది మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. పేర్లు మారాయి గాని, ప్రతి కేసుకూ ముందస్తు అనుమతి, రిపోర్టులు, డిశ్చార్జి పత్రం పథకం నడిపే ట్రస్టుకు చేరుతూనే ఉన్నాయి. ఏ ఆసుపత్రి ఏ ఆపరేషన్ ఎన్నిసార్లు చేసిందో డబ్బు కట్టే ప్రభుత్వం దగ్గర లెక్క ఉంది. కత్తి కింద పడుకునే మనిషి దగ్గర లేదు.

కాన్పు సంగతే చూడండి. రాష్ట్రంలో ప్రభుత్వాసుపత్రుల కాన్పుల్లో సిజేరియన్లు సుమారు 27 శాతం, ప్రైవేటులో 63 శాతం అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఈ సగటు హిందూపురం గర్భిణికి ఎందుకూ కొరగాదు. తన ఊళ్లో ఫలానా ఆసుపత్రిలో తొలి కాన్పులకు ఎన్ని కోతలు పడుతున్నాయో ఆమెకు కావాలి. గుండెపోటు వచ్చినవాడికో పాము కరిచినవాడికో పోల్చుకునే వ్యవధి ఉండదు, దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. గర్భిణికి మాత్రం నెలల సమయం ఉంది. ఏఎన్‌ఎం ఇంటికే వస్తుంది. ఆ అంకె ఆమె చేతికివ్వడానికి కొత్త యాప్ అక్కర్లేదు.

ఇలాంటి అంకెలు డాక్టర్లను భయపెడతాయన్న అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. న్యూయార్క్ రాష్ట్రం గుండె ఆపరేషన్ల మరణాలను సర్జన్ల వారీగా బయటపెట్టినప్పుడు, కొందరు ప్రమాదకర కేసులకు జంకుతున్నారన్న విమర్శ వచ్చింది. అందరూ చేతులెత్తేశాక రోగి చేరే అనంతపురం పెద్దాసుపత్రిని మరణాలతో కొలవడం అన్యాయం. అందుకే మరణాలతో మొదలెట్టొద్దు. తొలికాన్పు సిజేరియన్లు, నెలలోపు మళ్లీ చేరిన కేసులు, ఆరోగ్యశ్రీ కార్డున్నవాళ్ల దగ్గర అదనంగా వసూలు చేశారన్న ఫిర్యాదులు చాలు. ఆసుపత్రుల్లో ఈ పథకం కోసం కూర్చునే ఆరోగ్యమిత్ర బల్ల మీద, సచివాలయం గోడ మీద తెలుగులో పెడితే చాలు.

బెంగళూరు ఆసుపత్రులు మన రాష్ట్ర చట్టాల కిందికి రావన్నది నిజమే. అయితే 2019 నవంబరులో ఆరోగ్యశ్రీని అక్కడి కొన్ని ఆసుపత్రులకూ విస్తరించారు. మన ఖజానా డబ్బు తీసుకునే ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నా ఈ లెక్కలివ్వాలని ఒప్పందంలో షరతు రాయడానికి కొత్త చట్టం అవసరం లేదు.