సంధి సమాప్తి: హైదరాబాదు ఒడంబడిక

నల్లమల అంచునగల మన్ననూరు నాడు నిజాం రాజ్యంలోనిది. 1947 నవంబరు 29న హైదరాబాదు భారతదేశంతో చేసుకొన్న యథాతథ ఒడంబడికకు గడువు ఒక సంవత్సరం. అది నిండకమునుపే, 1948 సెప్టెంబరు 13న సైనికచర్య ప్రారంభమైనది. పాకిస్తానుకు ఋణమిచ్చుట ఉల్లంఘనమని భారతదేశం, ఆర్థిక దిగ్బంధం ఉల్లంఘనమని హైదరాబాదు ఆరోపించినవి.

రజాకార్ల దౌర్జన్యాలు చర్యకు హేతువు కావచ్చును. ఒడంబడిక ఎట్లు ముగిసినదను ప్రశ్నకు అది సమాధానం కాదు. ఉల్లంఘనం సంధిని తనంతట అంతమొందించదని, రద్దుకోరే హక్కును మాత్రమే ఇచ్చునని 1969 నాటి వియన్నా ఒప్పందపు 60వ అధికరణం. అది 1948కి వర్తించదు. హైదరాబాదు రాజ్యహోదాయే వివాదాస్పదం. అయినను విచారణకు గీటురాయి.

పూర్వాచార్యులతో విభేదించి కౌటిల్యుడు పూచీకంటె సత్యశపథబద్ధమైన సంధియే స్థిరమన్నాడు. కనుక సంధిభంగాన్ని నిరూపించు భారం బలవంతునిపైననే అధికం. షాడ్గుణ్యం బోధించువారు ఈ ఉదాహరణను విస్మరింపరాదు.