చెమ్మ వాసనకు ఇల్లాలినా అడిగేది?

పడవలో ఉండే చిన్న గది ముక్క వాసన కొడితే ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. నీళ్ళ మీద ఉంది, చెమ్మ ఎక్కక ఏం చేస్తుంది అంటారు. అదే ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక ఇల్లు ముక్క వాసన కొడితే, వచ్చిన చుట్టం మొదట చూసేది ఇల్లాలి మొహం వైపే. ఇల్లు సరిగ్గా తుడవదేమో, బట్టలు ఎండకు వేయదేమో అని. వానలే సరిగ్గా పడని సీమలో చెమ్మ ఎక్కడి నుంచి వస్తుంది, ఆడమనిషి బద్ధకం నుంచి తప్ప! ఈ లెక్క మీదే నా కోపం.

మన వైపు వానలు తక్కువన్నది నిజమే. కానీ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ముసురు పట్టిందంటే ఎండ మొహం కనిపించదు. తడి వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజుకు అది చాలు. పైగా చెమ్మ వానతోనే రాదు. ఎసట్లో ఆవిరి, నడింట్లో దండెం మీద ఆరేసిన బట్టల తడి, స్నానాల గది తడి, రాత్రి తలుపులేసుకుని పడుకున్న నలుగురి ఊపిరి, అన్నీ ఆ ఇంటి గాలిలోనే కలుస్తాయి. ఆ గాలికి బయటికి దారి లేకపోతే చల్లటి గోడను పట్టుకుని చెమ్మవుతుంది. అందుకే బూజు ముందు బీరువా వెనక పడుతుంది. రోజుకు రెండుసార్లు ఊడ్చినా చీపురు అక్కడికి పోదు కదా.

పాత మట్టి మిద్దెల్లో పైన గవాచి ఉండేది. వెలుతురు లోపలికి, పొగా ఆవిరీ బయటికి. వాన వస్తే మూసేవాళ్ళు, వెలిస్తే తీసేవాళ్ళు. ఆ మిద్దెలు గొప్పవని నేననను. వానాకాలానికి ముందు పైన చౌడు వేసుకోకపోతే ఇంట్లో చోటుకో గిన్నె పెట్టాల్సి వచ్చేది. కానీ స్లాబు వేసినప్పుడు గవాచి పోయింది, దాని పని చేసేది ఏదీ రాలేదు. మూడు వైపులా పక్కిళ్ళ గోడలు, ముందు ఒక్క కిటికీ. దుమ్మనీ దోమలనీ అదీ మూసే ఉంటుంది.

ఎమ్మిగనూరులో నేతపని వాళ్ళ ఇళ్ళ సంగతి ఇంకా కష్టం. మాచాని సోమప్ప గారు 1938లో సహకార సంఘం పెట్టిన నాటికీ ముందు నుంచే ఆ ఊరి బతుకు మగ్గంతో ముడిపడింది. మగ్గం గుంత ఇంట్లోనే ఉంటుంది. గాలిలో కాస్త తేమ ఉంటే నూలు తెగదు, అందుకని ఆ తేమను ఓర్చుకుంటారు. నూలుకు మంచిదైన తేమే గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి మోకాళ్ళకు శత్రువు. వానలు ముదిరి గుంతలో నీళ్ళు ఊరితే మగ్గం ఆగుతుంది, కూలీ ఆగుతుంది. ఆ గదిలోనే పిల్లలు పడుకుంటారు, ఆ గదిలోనే వంట. బిడ్డకు పిల్లికూతలు మొదలైతే చల్లటివి పెట్టావా అని తల్లినే అడుగుతారు. గోడను ఎవరూ అడగరు.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తికి తేమ కొలుస్తారు. 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే సీసీఐ కొనదు. పత్తికున్న ఈ మర్యాద ఇంటికి లేదు. గాలిలో తేమ చూపించే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే వస్తుంది. 60 శాతం దాటకుండా చూసుకుంటే బూజు చాలా వరకు అదుపులో ఉంటుంది. ఇంట్లో మాట పడే వాళ్ళకు ఆ అంకె చాలా పనికొస్తుంది, నమ్మండి.

అగరుబత్తీలు, రూమ్ ఫ్రెషనర్లు వాసన మీద వాసన వేస్తాయి, అంతే. నాఫ్తలీన్ గోళీలైతే పసిపిల్లల బట్టల్లో అసలు వద్దు. జీ6పీడీ లోపం ఉన్న పిల్లలకు దానివల్ల రక్తకణాలు దెబ్బతింటాయి. ఆ లోపం ఉందని మనకు ముందే తెలియదు కూడా. బీరువాను గోడకు నాలుగు వేళ్ళ దూరం జరపండి. వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం రెండు వైపులా తీసి గాలి ఆడనివ్వండి. ముసురులో బట్టలు లోపలే ఆరేయక తప్పదనుకుంటే ఒకే గదిలో వేసి, దాని కిటికీ తీసి, ఇటు తలుపు మూయండి. వంటింట్లో గాలి బయటికి తోసే ఫ్యాను ఉంటే ఉడికేటప్పుడే వేయాలి, తిన్నాక కాదు.

గోడ అడుగున పెచ్చులూడి తెల్లగా ఉప్పు పూస్తుంటే మాత్రం మనం చేసేవేవీ పనికిరావు. అది నేల నుంచి పైకి పాకే తడి. మన నల్లరేగడి నీటిని పట్టుకుంటే ఒకంతట వదలదు. దాని మీద ఏటా రంగు వేయించడం డబ్బు దండగ. పునాది మీద గోడ లేచే ముందే తేమను ఆపే పొర వేయాలి, మేస్త్రీలు డీపీసీ అంటారు. ఇల్లు కట్టేటప్పుడు పొయ్యి ఏ దిక్కున ఉండాలో మనల్ని అడుగుతారు. ఈ పొర సంగతి, వంటింట్లో ఎదురెదురు కిటికీల సంగతి ఎవరూ అడగరు. అడగకపోయినా ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే చెప్పాలి. ఖర్చు అంటారు. సింహద్వారం మీద చెక్కుడు పనికి ఎంతవుతుందో అప్పుడే అడగండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామని.