ఇద్దరు రాజులు, ఇద్దరు కూతుళ్లు

బాలలారా! కొడుకు లేని రాజు తన రాజ్యం ఎవరికి ఇవ్వాలి? ఈ చిక్కు ఇంగ్లండులోనూ వచ్చింది, మన ఓరుగల్లులోనూ వచ్చింది.

ఇంగ్లండు రాజు మొదటి హెన్రీకి పట్టానికి రావలసిన కొడుకు విలియం 1120లో ఓడ మునిగి చనిపోయినాడు. కూతురు మటిల్డానే రాణిగా అంగీకరిస్తామని హెన్రీ తన ప్రభువులచేత ప్రమాణం చేయించినాడు. 1135లో ఆయన కన్నుమూయగానే చాలామంది మాట తప్పినారు. మేనల్లుడు స్టీఫెన్ కిరీటం పెట్టుకున్నాడు. ఏండ్ల తరబడి యుద్ధం సాగింది. మటిల్డాకు పట్టాభిషేకం జరుగనే లేదు.

మన కాకతీయ గణపతిదేవునికీ కొడుకులు లేరు. రుద్రమ, గణపాంబ ఆయన కూతుళ్లు. ఆయన తాను బ్రతికి ఉండగానే రుద్రమకు రాజ్యపాలనలో చోటిచ్చినాడు. శాసనాలు ఆమెను 'రుద్రదేవ మహారాజు' అన్నాయి. ఆమెకూ ఎదురు తిరిగినవారు ఉన్నారు. అయినా దండెత్తి వచ్చిన దేవగిరి రాజు మహాదేవుణ్ణి తరిమికొట్టింది; 1289 దాకా రాజ్యమేలింది.

చివరకు రెండుచోట్లా కూతురి సంతానమే గద్దె నెక్కింది: అక్కడ మటిల్డా కొడుకు రెండవ హెన్రీ, ఇక్కడ రుద్రమ కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు.

తల్లిదండ్రులారా! ఆడపిల్లకు మాట ఒక్కటే ఇస్తే చాలదు; పని నేర్పి, పగ్గాలు చేతికివ్వాలి.