దుప్పట్లు చాలు అయ్యగారూ



ప్రతి డిసెంబరులో మేము మా సంఘ యౌవనస్థులతో కలిసి హైవే పక్కనున్న ఒక వృద్ధాశ్రమానికి వెళ్తుంటాం. పోయినేడు కూడా వెళ్ళాం. కేకు కోశాం. మూడు పాటలు పాడాం. అరగంట వాక్యం చెప్పాం. తలా ఒక దుప్పటి, నాలుగు అరటిపళ్ళు ఇచ్చి ఫోటోలు దిగాం. వ్యాను ఎక్కబోతుంటే, రిటైరైన టీచరమ్మ ఒకరు కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చారు.

"అయ్యగారూ, ఏమీ అనుకోకపోతే ఒక మాట. నా మంచం కింద ఆరు దుప్పట్లున్నాయి. వచ్చేసారి దుప్పటి వద్దు. మీ సండే స్కూలు పిల్లల నోటు పుస్తకాలుంటే తీసుకురండి, దిద్దిపెడతాను. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా నాతో ఎవరికీ పని లేదు."

ఆ రోజు అసలైన ప్రసంగం ఆమెదే.

పెద్దవాళ్ళ ఒంటరితనం గురించి మన సంఘాల్లో రెండు ప్రసంగాలు చలామణిలో ఉన్నాయి. మేమూ ఏళ్ళ తరబడి చెప్పాం. రెండూ చాలవని, ఒక్కోసారి హాని కూడా చేస్తాయని ఇప్పుడు చెప్పదలిచాం.

మొదటిది పిల్లలను తిట్టే ప్రసంగం. "కన్నవాళ్ళను ఆశ్రమంలో పడేసి డాలర్లు లెక్కపెట్టుకుంటున్నారు" అంటాం. సంఘమంతా కళ్ళు తుడుచుకుంటుంది. నిజమే, గాలికొదిలేసే బిడ్డలున్నారు. వాళ్ళ కోసమే 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. ట్రిబ్యునల్‌కు వెళ్ళి పోషణ ఖర్చు అడగవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. 14567 నంబరుకు ఫోన్ చేస్తే పెద్దలకు సలహా చెబుతారు. ఇవన్నీ మన పెద్దలకు తెలియజేయవలసిందే. కానీ చట్టం డబ్బు ఇప్పించగలదు, మాట్లాడించలేదు. పైగా, ఎవరూ వదిలేయకపోయినా ఒంటరైపోయిన వాళ్ళ సంగతేమిటి?

మా సంఘంలో పెరిగిన ఒక పెద్దాయనను చూడటానికి హైదరాబాద్ శివార్లలోని ఒక రిటైర్మెంట్ కమ్యూనిటీకి వెళ్ళాం. భార్యాభర్తలిద్దరూ తమంతట తామే చేరారు. లిఫ్టు ఉంది, నడిచే దారి ఉంది, బెల్లు నొక్కితే నర్సు వస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకు రోజూ వీడియో కాల్ చేస్తాడు. ఆయన బతుకంతా వ్యవసాయం. మమ్మల్ని వరండాలోకి తీసుకెళ్ళి, తోటమాలి నీళ్ళు పెడుతున్న బంతి మొక్కలు చూపించి, "నన్ను ముట్టుకోనివ్వరు అయ్యగారూ, పడిపోతానని వీళ్ళకు భయం" అన్నాడు. ఆ మనిషికి అన్నీ అమర్చారు. అమరుస్తూ అమరుస్తూ ఆయన చేతుల్లోంచి అన్నీ తీసేశారు.

రెండో ప్రసంగం ఇంకా ప్రమాదకరం. "దేవుడు తోడుండగా ఒంటరితనమేమిటమ్మా? ప్రార్థన చేసుకో, అదే పోతుంది" అంటాం. ఇలా చెప్పి ఎంతమంది నోళ్ళు మూయించామో! దుఃఖానికి తోడు, తమకు విశ్వాసం లేదేమోనన్న భయం కూడా వాళ్ళ నెత్తిన పెట్టాం. ప్రియులారా, ఏదెను తోటను జ్ఞాపకం చేసుకోండి. అప్పటికి పాపం లేదు. దేవునికీ ఆదాముకూ మధ్య ఏ అడ్డూ లేదు. అయినా నరుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదని చూసినవాడు దేవుడే. దేవుడే మంచిది కాదన్నదాన్ని మనం అవిశ్వాసం అనడమేమిటి?

ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు, చచ్చిపోతానన్నప్పుడు దేవుడు ఏం చేశాడు? గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు పంపాడు. హోరేబు దగ్గర, నేనొక్కడినే మిగిలానని అతడు మొరపెట్టుకుంటే ఆ మొర విన్నాడు. తర్వాత చేయవలసిన పని అప్పగించాడు, ఎలీషాను తోడిచ్చాడు. తిండి, వినే చెవి, పని, తోడు. మనం మొదటిదాన్ని ఇచ్చి మిగిలిన మూడూ ఎగ్గొడుతున్నాం.

ఇది పల్లెటూరి పాస్టరు చాదస్తమని కొట్టిపారేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా 8,71,000కు పైగా మరణాలకు దానితో సంబంధం ఉందని అంచనా. మందు కూడా కొందరు ఎప్పుడో చూపించారు. 1976లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఇద్దరు పరిశోధకులు ఒక వృద్ధుల గృహంలో చిన్న ప్రయోగం చేశారు. ఒక అంతస్తులోని పెద్దలకు తలా ఒక మొక్క ఇచ్చి "దీన్ని మీరే పెంచాలి, మీ సంగతులు మీరే నిర్ణయించుకోండి" అన్నారు. ఇంకో అంతస్తులోనూ మొక్కలిచ్చారు, కానీ నీళ్ళు నర్సులే పోశారు. మూడు వారాలకు మొదటి అంతస్తువాళ్ళు ఎక్కువ హుషారుగా, సంతోషంగా కనిపించారు. మొక్క ఇద్దరికీ ఉంది. తేడా నీళ్ళు ఎవరు పోశారన్నదే.

"పెద్దవయసులో విశ్రాంతి ఇవ్వాలి గానీ పని చెబుతారా?" అని మా సంఘపెద్ద ఒకరు కోప్పడ్డారు. విశ్రాంతి వేరు, పక్కన పెట్టేయడం వేరు. మన ఇళ్ళలో మామ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీసేది, ఆరబెట్టిన వడియాల దగ్గర కాకుల్ని అదిలించేది, మనవరాలికి జడ వేసేది. దాన్ని ఎవరూ కష్టం అనుకోలేదు. ఆమె లేకపోతే ఇల్లు కుంటుపడేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమెను నిలబెట్టింది అదే.

లేఖనం కూడా ఇదే చూపిస్తుంది. అన్న ఎనభై నాలుగేళ్ళ విధవరాలు. దేవాలయంలో ఆమె దుప్పటి కోసం వరుసలో నిలబడలేదు. శిశువైన యేసును చూసి యెరూషలేములో కనిపెట్టుకుని ఉన్నవారందరికీ ఆయన గురించి చెప్పింది. సిలువ మీద మన ప్రభువు మరియను యోహానుకు అప్పగించాడని చెప్పుకుంటాం. కానీ ఆయన ముందు పలకరించింది తల్లిని. ఒక కొడుకును ఆమె చేతుల్లో పెట్టిన తర్వాతే శిష్యునికి తల్లిని చూపించాడు. ఆ ఘోరమైన వేళలో కూడా ఆయన తల్లిని మోయవలసిన బరువుగా చూడలేదు.

మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఊరూరా కూటాలకు తిరుగుతూ, ఇంట్లో మా అమ్మ చెప్పే మాటను సగంలో ఆపి ఫోన్ ఎత్తిన రోజులు మాకు లెక్కలేనన్ని. దేవునికి అర్పించేశామని చెప్పి కన్నవారి భాగం ఎగ్గొట్టినవారిని ప్రభువు గద్దించాడు. కొర్బాను డబ్బుతోనే కాదు, పరిచర్య పేరుతో కూడా చేయవచ్చు. మేము చేశాం.

జనవరి నుంచి నెలకు రెండు శనివారాలు ఆశ్రమానికి వెళ్తున్నాం. కెమెరా తీసుకెళ్ళడం లేదు. టీచరమ్మ గారు పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నారు. మా కూటాల కరపత్రంలో ఏడు తప్పులకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి పంపారు. పదో తరగతి పిల్లలను తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్ చేసి లేపే బాధ్యత ముగ్గురు తాతలు తీసుకున్నారు. అన్నీ కుదరలేదు. ఒకాయన "నన్ను నా మానాన వదిలేయండి" అన్నారు, వదిలేశాం. అదీ ఆయన నిర్ణయమే. మంచం దిగలేని ఒక అమ్మ దగ్గర కూర్చుని, ప్రార్థించమని మా పిల్లల పేర్లు ఇచ్చి వస్తాం. వెళ్ళిన ప్రతిసారీ పేరు పేరునా అడుగుతుంది. తిండి మానేసి, నిద్రపోక, చావు మాటలు మాట్లాడే వాళ్ళను మాత్రం ప్రార్థనతో సరిపెట్టకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. టెలి మానస్ నంబరు 14416.

కాబట్టి పాస్టర్లకూ, సంఘపెద్దలకూ మా మనవి ఒక్కటే. ఈ డిసెంబరులో దుప్పట్లు కొనే ముందు, ఎవరికి నిజంగా చలి పెడుతోందో అడగండి. మిగిలినవాళ్ళను ఇంకో ప్రశ్న అడగండి: "అమ్మా, మాకు మీతో ఒక పని ఉంది, చేసిపెడతారా?" అడిగాక వట్టి మాటగా వదిలేయకండి, పని తీసుకుని వెళ్ళండి. మీ ఇంట్లోనే పెద్దవాళ్ళుంటే డిసెంబరు దాకా కూడా ఆగకండి.

ప్రభువా, వినే చెవులు మాకు దయచేయుము. ఆమేన్.